తోడికోడలి కుర్చీ

మర్రిపాడు దాటి బద్వేలు వైపు పోతుంటే, లారీలు ఆగే టీ కొట్టు దగ్గర ఎడమచేతి వైపు ఒక మట్టిరోడ్డు దిగుతుంది. అదే రాళ్లచెరువుపల్లెకు దారి. ఊరు మిట్ట మీద ఉంటుంది. గిరిజన కాలనీ చెరువు కట్ట కింద ఉంటుంది. ఆదిశేషమ్మది ఆ కాలనీ. చెరువులో నీళ్లున్నన్నాళ్లు మొగుడు వెంగయ్యతో కలిసి వల వేసి చేపలు పట్టేది, ఉదయగిరి సంతకు తీసుకుపోయి అమ్మేది. నీళ్లు ఎండిపోతే కూలికి పోయేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం గట్టిది. సంతలో ఆమె ఒక్క కేక వేస్తే పక్క వరసలో కూరగాయలమ్మేవాళ్లు కూడా తిరిగి చూసేవాళ్లు.

ఆ ఊరిని పెద్దమేడ వాళ్లు ఏలుకుంటూ వచ్చారు. తాత ప్రెసిడెంటు, ఆయన తర్వాత కొడుకు ప్రెసిడెంటు. పదవి ఆడవాళ్లకు రిజర్వయితే కోడలు వరదమ్మను నిలబెట్టారు. వెనకబడిన కులాలకు రిజర్వయితే వాళ్ల ట్రాక్టరు డ్రైవర్ని ప్రెసిడెంటును చేశారు. ఆ డ్రైవరు పంచాయతీ ఆఫీసులో ఐదేళ్లూ గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. కుర్చీలో మేడ నుంచి వచ్చినవాళ్లెవరో ఒకరు కూర్చునేవాళ్లు. ఓట్లు వేసి ప్రెసిడెంటును ఎన్నుకోవడం ఆ ఊరికి తెలియదు. నామినేషన్లకు ముందురోజు మేడ అరుగు మీద నలుగురు కూర్చుని ఒక పేరు అనుకునేవాళ్లు. సాయంత్రానికి తప్పెట కొట్టి "ఏకగ్రీవం" అని చాటించేవాళ్లు. జనం చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయేవాళ్లు.

ట్రాక్టరు డ్రైవర్ని ప్రెసిడెంటుగా చాటించిన రోజు ఆదిశేషమ్మ సంత నుంచి ఖాళీ గంపతో వస్తోంది. మేడ ముందు ఆగింది. వరదమ్మ మొగుడు, ఊరు పెద్దాయన అని పిలిచే మనిషి, అరుగు మీద ఉన్నాడు.

"అయ్యా, ఏకగ్రీవమంటే అందరూ ఒప్పుకున్నారని గదా? మమ్మల్ని ఎవురడిగినారు? మా కాలనీకి ఎవురొచ్చినారు?" అంది.

చప్పట్లు ఆగిపోయాయి. పెద్దాయన నవ్వి, "ఏందే, నిన్నడగాల్నా?" అన్నాడు.

"అడగాల. మాకూ ఓటుండాది."

మర్నాడు పొద్దున చెరువులో వెంగయ్య వల ముక్కలు ముక్కలుగా తేలింది. ఆదిశేషమ్మ వచ్చి క్షమాపణ చెప్పేదాకా కాలనీవాళ్లెవరూ చెరువులో దిగకూడదని మేడ నుంచి కబురొచ్చింది. కాలనీ అంతా ఆమె మీదికే తిరగబడింది. "నీ నోటి వల్ల మా పొయ్యిలు ఆరిపోయినాయి" అన్నారు. ఆమె క్షమాపణ చెప్పలేదు. తెగిన వలను భుజాన వేసుకుని ఉదయగిరి పోయింది. ఆఫీసుల ముందు కూర్చుంది. కనిపించిన ప్రతి అధికారికీ వల విప్పి చూపించింది. చివరికి ఒకాయన జీపులో వచ్చి, చెరువు అందరిదీ అని చెప్పి పోయాడు. కాలనీవాళ్లు మళ్లీ వలలు వేసుకున్నారు. ఆదిశేషమ్మకు థ్యాంక్స్ చెప్పినవాళ్లు లేరు.

వెంగయ్య తమ్ముడు నరసింహకు అప్పుడే కొత్తగా పెళ్లయింది. పెళ్లాం పేరు సుజాత. టెన్త్ పాసయిన పిల్ల, మాట మెత్తన. గొడవ జరిగినన్నాళ్లూ ఆ పిల్ల తలుపు చాటు నుంచి బయటికి రాలేదని ఆదిశేషమ్మకు బాగా గుర్తు. ఉదయగిరి నుంచి అలిసిపోయి వచ్చిన సాయంత్రాలు ఇంట్లో అన్నం ఉడికి ఉండేది. అది వండి పెట్టింది సుజాతే. ఆ సంగతి మాత్రం ఆదిశేషమ్మకు అంతగా గుర్తు లేదు.

ఈసారి ప్రెసిడెంటు పదవి గిరిజన మహిళకు రిజర్వయింది. ఆ వార్త ఫోన్లో రాగానే కాలనీ కాలనీ అంతా లేచి నిలబడింది. పెద్దాయన అప్పటికి పోయాడు. మేడ వ్యవహారమంతా ఆయన కొడుకు సురేశ్‌బాబు చూస్తున్నాడు. వాళ్ల గొడ్ల కాడ పనిచేసే మనిషి భార్యను నిలబెడతారని అనుకున్నారు. "ఈసారి వాళ్లు చెప్పిన మనిషి వద్దు. మన మనిషిని మనమే నిలబెడదాం" అని కాలనీ పెద్ద సిద్ధయ్య అందరినీ పిలిచాడు.

ఆదిశేషమ్మ ఆ రోజు తలకు పోసుకుంది. పెట్టెలో ఉన్న ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఎవరూ అడగకుండానే ముందు వరసలో కూర్చుంది. సిద్ధయ్య గొంతు సవరించుకుని, "మన సుజాతయితే బాగుంటాదని నాకు అనిపిస్తా ఉండాది" అన్నాడు.

"అవునవును" అని పది గొంతులు ఒకేసారి లేచాయి.

ఆదిశేషమ్మ చీర కుచ్చెళ్లు సర్దుకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత అడిగింది. "నేను పనికిరానా, సిద్ధయ్య మామా?"

ముసలాయన ఇబ్బందిగా కదిలాడు. "అట్టా కాదు లేమ్మా. నువ్వు కోపిష్టిదానివి. ఊళ్లోవాళ్ల ఓట్లు గూడా మనకి పడాల. నిన్ను చూస్తే జంకుతారు. ఆ పిల్ల సదువుకునింది, నెమ్మదస్తురాలు."

"ఆ నెమ్మదస్తురాలు ఆనాడు యాడుండాది? తలుపు ఎనకాల గదా!"

సుజాత తల వంచుకుంది. "అక్కా, నేను అడగలేదు. వాళ్లే అన్నారు" అంది. ఆ మాటతో ఆదిశేషమ్మకు ఇంకా మండింది. అడక్కుండానే దొరకడం కంటే పెద్ద అదృష్టం ఏముంటుంది? తను అడిగినా దొరకలేదు.

ఆ తర్వాత వారం రోజులూ ఆమెకు కంటి ముందు సుజాతే. కాలనీ మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో సుజాత చేతులు జోడించి నవ్వుతోంది, ఫొటోలో మనిషి తెల్లగా కూడా కనపడుతోంది. ఆడవాళ్లు వంతులేసుకుని ఆమెకు జడ వేస్తున్నారు. ఒకామె తన పట్టుచీర ఇచ్చింది. అత్త పోలేరమ్మ, కళ్లు సరిగా ఆననిది, తడుముకుంటూ వచ్చి చిన్నకోడలి నుదుట కుంకుమ పెట్టింది. పెద్దకోడలు పక్కనే చేపలు తోముతోంది. అవ్వ చెయ్యి అటు రాలేదు.

ఇంట్లో వెంగయ్యతో ఆదిశేషమ్మ అంది. "వల తెగింది మనది. నోరు చేసుకునింది నేను. ఎండలో కూర్చునింది నేను. దండ దానికా?"

"పోనీలే. ఇంట్లో మనిషే గదా" అన్నాడు వెంగయ్య.

"ఇంట్లో మనిషి కాబట్టే గదా నాకీ మంట! ఎవురో పరాయిదయితే కళ్లు మూసుకుందును. దీన్ని రోజూ పొద్దున లేస్తానే చూడాల."

కడుపు మంటగా ఉందని అన్నం మానేసింది. సుజాత నడిచే నడకలో, నవ్వే నవ్వులో, "నమస్తే అన్నా" అని ఊరివాళ్లను పలకరించే తీరులో ఆమెకు ఏదో ఒక తప్పు కనిపించేది. ఇంటింటికీ తిరుగుతూ సుజాత చెప్పే మాటలు విని, అవన్నీ తన మాటలేనని పళ్లు నూరేది. నిజానికి అవి ఆమె మాటలే. "మాకూ ఓటుండాది, మమ్మల్ని అడగాల" అని సుజాత మెత్తగా చెప్తుంటే జనం తలలూపుతున్నారు. అదే మాట తను చెప్పినప్పుడు వల తెగింది.

ఈ సంగతి మేడకు చేరింది. ఒక పొద్దున సురేశ్‌బాబు తనే కాలనీకి వచ్చాడు. కారు కట్ట మీద ఆపి, నడుచుకుంటూ వచ్చి ఆదిశేషమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు. మేడ వాళ్లు ఆమెను "ఏమే" అని తప్ప ఎన్నడూ పిలవలేదు.

"ఆదిశేషమ్మా" అన్నాడు. "ఈ ఊళ్లో మా నాయన ముందర నిలబడి మాట్లాడిన మనిషివి నువ్వొక్కదానివే. ఆ రోజు నేను మిద్దె మీద ఉండాను. ఎంత ధైర్యం అనుకున్నాను. మీవాళ్లకి కళ్లు లేవా? ప్రెసిడెంటు అంటే నువ్వు గదా కావాల్సింది."

అవి ఆమె సిద్ధయ్య నోటి నుంచి వినాలని ఎదురుచూసిన మాటలు. శత్రువు నోటి నుంచి వచ్చాయి. అయినా తియ్యగానే ఉన్నాయి.

"మీ తరపున నిలబడమంటారా?" అంది.

"నీ తరపునే నిలబడు. ఖర్చులు, మనుషులు నేను చూసుకుంటాను. సుజాతా నువ్వా అనేది ఊరు తేల్చుకుంటాది."

వెంగయ్య వద్దన్నాడు. ఒక్కసారే అన్నాడు, ఆయన రెండోసారి చెప్పే మనిషి కాదు. మర్నాడు ఆదిశేషమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని కారెక్కింది. కాలనీ అంతా వాకిళ్లలో నిలబడి చూసింది. ఒక్కరూ పలకరించలేదు. సుజాత మాత్రం కారు వెనక కొంతదూరం నడిచి ఆగిపోవడం అద్దంలో కనిపించింది. నీ కడుపూ మండనీ అనుకుంది ఆదిశేషమ్మ.

మండలాఫీసులో నామినేషన్ వేశాక ఆమెను ఇంటికి పంపలేదు. కాలనీవాళ్లు మనసు మారుస్తారని ఆత్మకూరు తీసుకుపోయారు. బస్టాండుకు రెండు వీధుల అవతల మేడ వాళ్లకు ఒక ఇల్లుంది. సురేశ్‌బాబు తల్లి వరదమ్మ మోకాళ్ల నొప్పులతో, ఆసుపత్రి దగ్గరని అక్కడే ఉంటోంది. ఆదిశేషమ్మకు వెనక గది ఇచ్చారు. మంచి భోజనం పెట్టారు. కొత్త చీర ఇచ్చారు. ఫోన్ మాత్రం తీసుకున్నారు.

సురేశ్‌బాబు మనిషి ఒకడు వచ్చి ఎలా మసలుకోవాలో చెప్పాడు. "ఎవురైనా ఏమన్నా అడిగితే నవ్వు. మాట్లాడేది సార్ మాట్లాడతాడు. సంతకం యాడ పెట్టాలో మేం చూపిస్తాం."

"నేను మాట్లాడకూడదా?"

"నీకెందుకమ్మా శ్రమ?"

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. సిద్ధయ్య ఆమె గొంతుకు భయపడ్డాడు. వీళ్లు అసలు ఆ గొంతే వద్దంటున్నారు.

మధ్యాహ్నం వరదమ్మ ఆమెను పిలిచింది. పెద్ద మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఆదిశేషమ్మ కింద కూర్చోబోతే, "ఆ కుర్చీలో కూర్చో. కాబోయే ప్రెసిడెంటువి" అంది. ఎగతాళిలా లేదు.

"నేను గూడా ప్రెసిడెంటునే గదా ఐదేళ్లు" అంది వరదమ్మ. "పంచాయతీ ఆఫీసు వాకిలి ఏ పక్కకుంటాదో నాకు తెలీదు. పుస్తకాలు ఇంటికి తెచ్చేవాళ్లు. మా ఆయన యేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసేదాన్ని. ఒకరోజు, ఇదేంది అని అడిగినాను. నీకెందుకు అన్నాడు. మళ్లీ అడగలా."

ఆదిశేషమ్మ కుర్చీ అంచున కూర్చుంది.

"నువ్వు గంప పట్టుకోని మా వాకిట్లో అరిచినావే, ఆ రోజు నేను లోపల కిటికీ కాడ ఉండాను. ఊరంతా నిన్ను తిట్టినారు. నేనైతే తిట్టలేదు. కుళ్లుకున్నాను."

"నన్ను చూసి మీరా?"

"ఆ. నిన్ను చూసే. గంప నెత్తిన పెట్టుకోని మా ఆయన మొకం మీద అడిగేసి పోయినావు. నేను ముప్పై ఏళ్లు ఆయన పక్కలో ఉండి అడగలేకపోయినాను. నెల దినాలు నాకు అన్నం సయించలా. మేడలో ఉండేదాన్ని, కట్ట కింద ఉండేదాన్ని చూసి కుళ్లుకోవడమేందని నన్ను నేనే తిట్టుకున్నాను."

వరదమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. వద్దని గానీ, చెయ్యమని గానీ అనలేదు.

ఆదిశేషమ్మ తన గదిలోకి వచ్చి కూర్చుంది. ఇన్నాళ్లూ అసూయ తన ఒక్కదాని రోగమే అనుకుంది. దాన్ని వేరే మనిషి కళ్లలో, అదీ తన మీదే, చూసేసరికి ఒళ్లు జలదరించింది. కొంచెం గర్వంగా కూడా అనిపించింది. సిద్ధయ్యకు కనపడని తన గొప్పతనం ఆ కిటికీ వెనక మనిషికి కనపడింది. అయితే ఆ గర్వం వెంటే ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. ఇప్పుడు వీళ్లు తనను కూడా ఆ కిటికీ వెనకే కూర్చోబెడుతున్నారు.

నామినేషన్లు వాపసు తీసుకునే రోజు వచ్చింది. పోటీలో ముగ్గురున్నారు. సుజాత, ఆదిశేషమ్మ, మేడలో గొడ్లు చూసే మనిషి భార్య. మూడో ఆమెది ఉత్తుత్తి నామినేషన్. ఆదిశేషమ్మది ఏదైనా కారణంతో చెల్లకపోతే పనికొస్తుందని వేయించారు. ఆమె చేత పొద్దున్నే వాపసు తీయించేశారు. ఇక సుజాత కూడా తప్పుకుంటే ఆదిశేషమ్మ ఒక్కతే మిగులుతుంది, ఓట్లతో పని ఉండదు. సురేశ్‌బాబుకు కావలసింది అదే. వాళ్ల ఇంట్లో ఎవరూ ఓట్లడిగి ఎరగరు.

మండలాఫీసు దగ్గర కారు దిగాక ఆమెతో చెప్పాడు. "నీ తోడికోడలు లోపల ఆవరణలో ఉండాది. నువ్వు పోయి చెప్పు. తప్పుకుంటే కాలనీకి సిమెంటు రోడ్డు. తప్పుకోకపోతే మీ వాళ్లెవురూ చెరువు మొకం చూడరు. మా నాయన కాలం నాటి మాట కాదిది, ఈసారి ఏ జీపూ రాదు."

"ఓట్లకి పోతామని గదా మీరు చెప్పినారు? ఊరు తేల్చుకుంటాదన్నారే?"

"అదంతా ఎందుకు? పని తేలిగ్గా అయిపోతుంటే."

ఆవరణలో స్కూటర్లు పెట్టే రేకుల నీడన సుజాత నిలబడి ఉంది. పక్కన నరసింహ, సిద్ధయ్య, కాలనీ ఆడవాళ్లు కొందరు. చుట్టూ మేడ మనుషులు గుంపుగా నిలబడి సెల్‌ఫోన్లలో వీడియో తీస్తున్నారు. సుజాత మొహం పీక్కుపోయింది. ఎరువు తెచ్చుకున్న పట్టుచీర కొంగు చేతిలో నలిగిపోయింది. ఆదిశేషమ్మను చూడగానే ఏడుపు ఆపుకుంటూ ముందుకొచ్చింది.

"అక్కా, నన్ను తప్పుకోమని చెప్పేదానికి వచ్చినావా?"

"ఆ."

"నువ్వు చెప్తే తప్పుకుంటాను. నాకు ఈ పదవి మీద ఆశ లేదక్కా. మొదట్నుంచీ ఇది నీదే. నువ్వే ప్రెసిడెంటు కా. వాళ్లు చెప్పినట్టు మాత్రం ఆడబాక."

ఆ పిల్ల మనస్ఫూర్తిగా అంది. అందుకే ఆదిశేషమ్మకు నెత్తికెక్కింది. ఇంత భయంలో కూడా మంచిదనిపించుకోవడం దీనికే చేతనవుతుంది!

"నాకు దానం చేస్తావామ్మే? నీ చేతి కింద నేను తీసుకోవాల్నా?"

"దానం కాదక్కా..."

"నోరుముయ్యి. ఈడనే నిలబడు. ఎవురేం చెప్పినా యాడా సంతకం పెట్టబాక. ఇంకో అడుగు కదిలినావంటే కాళ్లు విరగ్గొడతా."

సంతలో అరిచే గొంతుతో అన్న ఆ మాట ఆవరణంతా వినిపించింది. సురేశ్‌బాబు గేటు దగ్గర నుంచి చూస్తూ, తోడికోడళ్లు బాగానే పోట్లాడుకుంటున్నారని అనుకున్నాడు.

ఆదిశేషమ్మ నేరుగా లోపలికి పోయి ఎన్నికల అధికారి బల్ల ముందు నిలబడింది. "సార్, వాపసు కాయితం ఇయ్యండి."

"ఎవరిదమ్మా? అభ్యర్థే స్వయంగా రావాలి."

"నేనే అభ్యర్థిని. ఆదిశేషమ్మ. రాళ్లచెరువుపల్లె."

ఆయన కళ్లజోడు పైకి తోసి చూశాడు. "ఎవరైనా బలవంతం చేశారా?"

"నామినేషన్ ఎయ్యమని బలవంతం చేసింది నా కడుపుమంట. తీసుకునేది నేనే తీసుకుంటుండా."

ఆమె సంతకం నేర్చుకుంది ఉదయగిరిలో అర్జీలు పెట్టిన రోజుల్లో. ఒక్కో అక్షరం ఒత్తి రాసింది. వేలు పెట్టి చూపించేవాళ్లెవరూ పక్కన లేరు.

గడువు ముగిశాక అధికారి బయటికి వచ్చి, పోటీలో ఒక్కరే మిగిలారు కాబట్టి సుజాత ఏకగ్రీవంగా ఎన్నికైందని చదివాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కాలనీ ఆడవాళ్లు కేకలు పెట్టారు. సిద్ధయ్య కింద కూర్చుండిపోయి తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. సురేశ్‌బాబు రెండుసార్లు, "ఎవురు? ఎవురు?" అని అడిగాడు. మేడ మనుషులు ఆదిశేషమ్మ వైపు రాబోతే, అధికారి వెంట ఉన్న పోలీసు అడ్డం నిలబడ్డాడు. కారు గిర్రున తిరిగి వెళ్లిపోయింది.

సుజాతకు బంతిపూల దండ వేశారు. ఆటో మీదికెక్కించారు. తప్పెట మొదలైంది. ఆ దండ చూడగానే ఆదిశేషమ్మకు కడుపులో మళ్లీ అదే మంట. కాయితం మీద సంతకం పెట్టినంత మాత్రాన అది తగ్గలేదు. ఎవరి వల్ల ఈ దండ వచ్చిందో వీళ్లలో ఒక్కరికైనా తోస్తుందా అని చూస్తూ గేటు దగ్గర నిలబడింది. జనం ఆమెను చూసి, పలకరించాలా వద్దా అని తేల్చుకోలేక తలలు తిప్పుకున్నారు. ఇన్ని రోజులు శత్రువు ఇంట్లో ఉండి వచ్చిన మనిషి మరి. సుజాత ఆటో ఆపించి, "అక్కా, రా" అని చెయ్యి చాచింది. ఆదిశేషమ్మ, "నేను బస్సుకొస్తా పో" అంది.

ఇంటికి చేరేసరికి వెంగయ్య వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. సంగతి అప్పటికే అతనికి తెలిసింది. జరిగి చాప మీద చోటిచ్చాడు. పోలేరమ్మ లోపలి నుంచి, "వచ్చిందారా పెద్దది?" అని అడిగి, "తిన్నదో లేదో కనుక్కో" అంది. ఆ రాత్రి ఆదిశేషమ్మ కడుపునిండా తిని పడుకుంది.

తర్వాత అంతా సాఫీగా జరగలేదు. కాలనీవాళ్లను మేడ వాళ్లు కొన్ని నెలలు పొలం పనులకు పిలవలేదు. సుజాతకు పంచాయతీ ఆఫీసు తాళం ఇవ్వడానికే తిప్పలు పెట్టారు. ఆ తాళం కోసం సుజాత మూడుసార్లు పోయి ఊరికే తిరిగొచ్చింది. నాలుగోసారి ఆదిశేషమ్మను వెంట రమ్మంది. "నీకు చేతకాదు, నాకు తెలుసు" అంటూ ఈమె పోయింది. పెద్దగొంతుతో ఊరంతా వినేలా అడిగేసరికి తాళం వచ్చింది. ఊళ్లో మాత్రం, ప్రెసిడెంటు సుజాత తాళం తీయించిందని చెప్పుకున్నారు. చెరువులో చేపలు పట్టే హక్కుకు వేలం మొదటిసారి అందరి ముందూ జరిగి చెరువు కాలనీ సంఘానికి దక్కితే, అదీ సుజాత పుణ్యమే అన్నారు.

సంఘం తరపున సంగం అనే ఊరి వైపు నుంచి చేపపిల్లలు తేవడానికి తోడికోడళ్లిద్దరూ పోయారు. చేపపిల్లల్ని నీళ్ల సంచుల్లో నింపి మినీలారీలో ఎక్కిస్తూ, "ప్రెసిడెంటమ్మ మీలో ఎవరు?" అని అక్కడివాళ్లు అడిగారు.

"ఈమే" అంది ఆదిశేషమ్మ. అంటూనే సుజాత కట్టుకున్న కొత్త నేతచీర వైపు, చేతి గడియారం వైపు చూసింది.

సుజాత అది చూసింది. "అక్కా, నా మీద నీకు ఇంకా పోలేదా?" అని మెల్లిగా అడిగింది.

"పోలా" అంది ఆదిశేషమ్మ. "పోతాదని గూడా అనుకోబాక. నువ్వు సరిగ్గా చేసినన్నాళ్లు కుళ్లుకుంటా ఉంటాను. తప్పు చేసినావో, పంచాయతీ ఆఫీసు ముందర వల పరిచి కూర్చుంటా. ఇంద, ఈ సంచి అటు పట్టుకో. మూతి వదులైపోయి నీళ్లు కారతా ఉండాయి."